స్కూటర్ బ్రేక్ ప్యాడ్లు తొందరగా అరిగిపోతున్నాయా? పాతవి పారేయకండి, అవే చెప్తాయి

అందరికీ నమస్తే అండి. కొత్త ప్యాడ్లు వేయించి పట్టుమని కొన్నాళ్లు కాలేదు, అప్పుడే ముందు చక్రం దగ్గర ఇనుము ఇనుము రాసుకుంటున్న సౌండ్... ఇదీ మీ బాధ అయితే ఈ వీడియో మీకే. నేనూ ఇలాగే రెండు జతలు మార్చా, రెండుసార్లూ ప్యాడ్లు డూప్లికేటేమో అని అమ్మినాయన్ని తిట్టుకున్నా, తీరా చూస్తే ప్యాడ్లు బానే ఉన్నాయి, నేనే పాతవి ఒక్కసారి కూడా తిప్పి చూడకుండా చెత్తబుట్టలో పడేశా.

అందుకే ఈసారి విప్పగానే ఏది పిస్టన్ (ప్యాడ్‌ని డిస్కు మీదకి తోసే ముక్క) వైపుది, ఏది అవతలి వైపుది అని మార్కర్‌తో రాసి పెట్టుకున్నా.

(టేబుల్ మీద రెండు ప్యాడ్లు, కెమెరా బాగా దగ్గరికి)

ఇదిగో, ఇది పిస్టన్ వైపుది. మెటీరియల్ అంతా అయిపోయి వెనక ఇనుప ప్లేటు మెరుస్తోంది. ఇది అవతలి వైపుది, మధ్యలో గాడి ఇంకా కనపడుతోంది చూడండి, సగం కూడా అరగలేదు. రెండూ ఒకే రోజు వేసినవే, పట్టుకునేదీ ఒకే డిస్కుని. మరి ఒకటే ఎందుకు అరిగింది?

చాలా స్కూటర్లకి క్యాలిపర్‌లో, అంటే ప్యాడ్లతో డిస్కుని పట్టుకునే ఆ భాగంలో, పిస్టన్ ఒక వైపే ఉంటది. లివర్ నొక్కితే పిస్టన్ వచ్చి తన వైపు ప్యాడ్‌ని డిస్కుకి అదుముద్ది, అప్పుడు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి అవతలి ప్యాడ్‌ని లాక్కొచ్చి రెండో వైపు అదుముద్ది. ఆ పిన్నులకి తుప్పు పట్టినా, గ్రీజు ఎండిపోయినా క్యాలిపర్ జరగదు, పనంతా ఒక్క ప్యాడ్ మీదే పడుద్ది. కొన్ని బళ్లలో అవతలిదే ముందు అరుగుద్ది, అంటే క్యాలిపర్ జరిగింది గానీ లివర్ వదిలాక తిరిగి రాలేదన్నమాట. ప్యాడ్ ఒక చివర పలచగా ఇంకో చివర మందంగా ఏటవాలుగా అరిగినా ముందు పిన్నులే చూడండి.

నా బండికి ఒక పిన్ను వేలితో లాగితే వచ్చేసింది, రెండోది ప్లయర్‌తో తిప్పినా కదల్లేదు. అంతే, దొరికింది దొంగ. తుప్పు తీసేసి సిలికాన్ గ్రీజు రాశా. మామూలు గ్రీజు రాయకండి, దాంతో పిన్నులకుండే రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి.

సరే, రెండు ప్యాడ్లూ సమానంగానే, కానీ తొందరగా అరిగాయి అనుకోండి. సెంటర్ స్టాండ్ వేసి, ఎవరినైనా వెనక నొక్కమని ముందు చక్రం పైకి లేపండి. చేత్తో తిప్పి, బ్రేక్ నొక్కి, వదిలి, మళ్లీ తిప్పండి. కొంచెం 'స్స్' అంటే పర్లేదు. బరువుగా పట్టేసినట్టుందంటే బ్రేక్ వదలట్లేదు.

ఎక్కడ పట్టేసింది? నాకు బాగా నచ్చిన టెస్ట్ ఇదే. క్యాలిపర్ మీదున్న బ్లీడింగ్ నిపుల్‌కి (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) సన్న పైపు తగిలించి, పైపు రెండో చివర సీసాలో పెట్టి, నిపుల్ కాస్త వదులు చేసి వెంటనే బిగించేయండి. కొంచెం బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిందా, ప్రెషర్ లోపలే ఇరుక్కుపోయింది, రోగం పైనుంది, లివర్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లోనో, అక్కణ్నుంచి కిందికొచ్చే హోస్ పైపులోనో. ఫ్రీ అవ్వలేదా, రోగం కిందే, క్యాలిపర్‌లోనే. ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోద్ది, చూసుకోండి. ఈ పని మీకు కొత్తయితే మెకానిక్‌ని పక్కన పెట్టుకోండి.

పైన అంటే, ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లే సూదిమొనంత రంధ్రం ఒకటుంటది, మురికి పట్టి అది మూసుకుపోతే ప్రెషర్ దిగదు. స్టైల్ కోసం వేసిన లివర్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని ఎప్పుడూ కొంచెం నొక్కి పట్టుకున్నా అదే కథ, లివర్‌లో అసలు ఆట ఉండదు. కింద అంటే ఎక్కువగా క్యాలిపర్ పిస్టన్ చుట్టూ పేరుకున్న మట్టి. పిస్టన్‌ని వెనక్కి లాగేది లోపలున్న రబ్బరు సీలే, అది లాగేది కూడా వెంట్రుకవాసి దూరమే, మట్టి ఉంటే అదీ కుదరదు. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు ఆ మట్టితోనే పిస్టన్‌ని లోపలికి నొక్కేస్తారు కదా, అక్కడే మొదలవుద్ది గొడవ. ముందు బ్రేక్ క్లీనర్, పాత టూత్‌బ్రష్‌తో కడగండి.

ఇవన్నీ బానే ఉన్నాయంటే, ఏమీ అనుకోకండి, మీ వేళ్ల మీదే నా అనుమానం. స్కూటర్‌కి గేర్లుండవు, ఇంజన్ పట్టు తక్కువ, అసలే బ్రేకుకి పనెక్కువ, పైగా చాలామంది లివర్ మీద వేళ్లు ఆనించే నడుపుతారు. మీ వెనకొచ్చే ఫ్రెండ్‌ని అడగండి, బ్రేక్ లైట్ ఊరికే వెలుగుతోందా అని. డిస్క్ మీద గోరు కూడా అడ్డంగా గీసి చూడండి, గాళ్లలో దిగబడుతుంటే ఎంత మంచి ప్యాడ్ వేసినా ఆకురాయి మీద పెట్టినట్టే.

ఇంకోటి, ప్యాడ్లు బిగించాక బండి కదిలించకముందే లివర్ గట్టిపడేదాకా పంపు చేయండి. లేదంటే మొదటి నొక్కుడికి లివర్ హ్యాండిల్‌ని తాకేస్తది, బ్రేక్ అస్సలు పడదు. నేనది గోడ ముందు తెలుసుకున్నా.