కారు డోర్ స్పీకర్లు మార్చే ముందు డబ్బా మీద ఈ ఒక్క నంబరు చూడండి

నమస్తే అండి. వీడియో కొంచెం పొడుగ్గానే ఉంటుంది, కానీ కారులో స్పీకర్లు మార్చాలని అనుకుంటున్నవాళ్లు షాపుకి వెళ్లకముందే చూడాల్సిన వీడియో ఇది, అందుకని కాస్త ఓపిక పట్టండి. కారు మాదే, స్విఫ్ట్. స్టీరియో కంపెనీది, దాన్ని కదిలించలేదు. స్పీకర్లకి పవర్ పెంచి ఇచ్చే యాంప్లిఫయర్ పెట్టలేదు, డిక్కీలో బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్ లేదు. మార్చింది ముందు తలుపుల్లో ఉన్న రెండు స్పీకర్లు, అంతే. ఆ రెండింటికీ నేను రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వచ్చింది, మీరు ఒక్కసారితో బయటపడాలనే ఈ వీడియో.

ఇదిగో, ఇది కారుతో వచ్చిన పాత స్పీకర్. దగ్గరగా పెడతాను చూడండి. ఆరున్నర అంగుళాల సైజు, పల్చటి పేపర్ కోన్, చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్. వెనక్కి తిప్పితే మాగ్నెట్ నా అరచేతిలో సగం కూడా లేదు. ఊళ్లో తిరిగినంతసేపు పర్వాలేదనిపిస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే మాత్రం, సూర్యాపేట దాటి బండి వందలో పడ్డాక, టైర్ల చప్పుడులో పాడేవాళ్ల గొంతు మునిగిపోతుంది. వినపడాలని సౌండ్ పెంచితే డప్పు దరువు పడ్డప్పుడల్లా డోర్ ప్యాడ్ బర్రుమంటుంది. సౌండ్ పెరుగుతుందే గానీ మాట తేటపడదు.

మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తాను. షాపులో నాలుగు డబ్బాలు ముందు పెట్టారు, అన్నింటి మీదా పెద్దక్షరాల్లో వాట్లే. 250, 300, 350. ఎక్కువ ఉన్నది తీసుకున్నాను. బిగించి ఆన్ చేస్తే సౌండ్ పాతదాని కంటే తగ్గింది. కొత్త స్పీకర్, బరువైన మాగ్నెట్, అయినా తగ్గింది. స్పీకర్‌లో లోపం ఉందనుకుని వెనక్కి తీసుకెళ్తే, "సార్, యాంప్ పెట్టుకుంటే దీని మజా తెలుస్తుంది" అన్నారు. ఆ మాట అమ్మకముందు చెప్పాల్సింది.

ఎందుకు తగ్గిందో ఇప్పుడు వినండి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 14 వోల్టులు. ఆ వోల్టేజీతో, విడిగా యాంప్ లేకుండా, మామూలు స్టీరియో 4 ఓమ్‌ల స్పీకర్‌కి శుభ్రంగా ఇవ్వగలిగేది ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, ఓ 15 నుంచి 20 వాట్లు. ఓమ్‌లంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు. స్టీరియో మీద 50 ఇంటూ 4 అని రాసి ఉంటుంది కదా, అది సౌండ్ పూర్తిగా పగిలిపోయే దాకా తోస్తే వచ్చే లెక్క, మనం వినే పాట లెక్క కాదు. అంటే మీరు 300 వాట్ల స్పీకర్ పెట్టినా 60 వాట్లది పెట్టినా దానికి అందేది ఆ పదిహేనూ ఇరవయ్యే. స్పీకర్ మీద ఉన్న వాట్లు అది ఎంత తట్టుకోగలదో చెప్తాయి, ఎంత గట్టిగా మోగుతుందో చెప్పవు. అందులోనూ పెద్దక్షరాల్లో ఉండేది పీక్, క్షణంపాటు తట్టుకునేది. పక్కన చిన్నగా ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, ఆగకుండా మోగుతున్నా తట్టుకునేది, నిజమైన లెక్క అది.

మరి గట్టిగా మోగేదేదో ఎలా తెలుస్తుంది? డబ్బా వెనక చివరి లైన్లలో సెన్సిటివిటీ అని ఉంటుంది, డెసిబెల్స్‌లో. ఇచ్చిన కొద్దిపాటి కరెంటుని ఎంత సౌండుగా మారుస్తుందో చెప్పే నంబరు అది. 89కీ 92కీ తేడా మూడే కదా అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లెక్కలో మూడు పెరిగిందంటే సగం పవర్‌తోనే అంతే సౌండ్ వస్తుందని అర్థం. 92 ఉన్న స్పీకర్ 15 వాట్లతో చేసే పని చేయడానికి 89 ఉన్నదానికి 30 వాట్లు కావాలి. ఆ 30 మన స్టీరియో దగ్గర లేవు. నేను మొదట కొన్నది యాంప్‌తో వాడుకోవడానికి చేసినది, బరువైన కోన్, సెన్సిటివిటీ తక్కువ. మంచి స్పీకరే, మన బండికి తగినది కాదు. కంపెనీ స్టీరియోనే ఉంచేవాళ్లు 91, 92 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది వెతుక్కోండి.

ఇందులోనూ ఒక మెలిక ఉంది, చూసుకోండి. కొన్ని కంపెనీలు ఈ నంబరుని ఒక వాట్ ఇచ్చి కొలుస్తాయి, కొన్ని 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి రెండూ ఒకటే. అదే 2 ఓమ్‌ల స్పీకర్‌కి ఆ 2.83 వోల్టులు ఇస్తే లోపలికి వెళ్లేది నాలుగు వాట్లు, 4 ఓమ్‌లదానికైతే రెండు. అంటే రెండింటినీ 2.83 వోల్టులతోనే కొలిచి ఉంటే, 2 ఓమ్‌ల స్పీకర్ మీద 93 అని కనబడినా, 4 ఓమ్‌లదాని పక్కన పెట్టేటప్పుడు మూడు తీసేసి చూడాలి. పైగా 2 ఓమ్‌లది స్టీరియో నుంచి కరెంటు ఎక్కువ లాగుతుంది, లోపల చిప్ వేడెక్కుతుంది. మన కార్లలో మామూలు స్టీరియోలకి 4 ఓమ్‌లే సేఫ్.

కామెంట్లలో అందరూ అడిగేది బ్రాండ్ గురించి. జేబీఎల్ మంచిదా, ఇన్ఫినిటీ మంచిదా అని గొడవ పడుతుంటారు. ఆ రెండూ హర్మాన్ అనే ఒకే కంపెనీ గూటివే, 2017 నుంచి ఆ హర్మాన్ శాంసంగ్ చేతిలో ఉంది. సోనీ, పయనీర్, హెర్ట్జ్, ఫోకల్, ఏదైనా తీసుకోండి, ఒకే బ్రాండ్‌లో ఒక మోడల్‌కీ ఇంకో మోడల్‌కీ చాలా తేడా ఉంటుంది. అందుకే ఈ వీడియోలో ఫలానాది కొనండని చెప్పట్లేదు. డబ్బా తిప్పి సెన్సిటివిటీ, ఓమ్‌లు, ఆర్‌ఎంఎస్ చూడండి. తర్వాత లోతు చూడండి. తలుపులో అద్దం పూర్తిగా దిగినప్పుడు స్పీకర్ మాగ్నెట్‌కి తగలకూడదు, బిగించే ముందే అద్దం కిందికి దించి కొలవాలి. లోతు సరిపోకపోతే రింగ్ వేసి కొంచెం ముందుకి తెస్తారు. ఆ రింగ్ ఎండీఎఫ్ చెక్కది వేయించుకోవద్దు. వాన పడితే తలుపు లోపలికి నీళ్లు దిగడం మామూలే, కింద ఉన్న రంధ్రాల గుండా పోతాయి. చెక్క రింగ్ ఆ తడికి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్‌ది అడగండి.

రెండోసారి స్పీకర్ మార్చినప్పుడు నాకు నిజంగా కళ్లు తెరిపించింది స్పీకర్ కాదు, తలుపు. డోర్ ప్యాడ్ ఊడదీసి చూస్తే లోపలి రేకుకి అరచేయి పట్టేంత కంతలు. స్పీకర్ కోన్ ముందుకి కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి వదులవుతుంది. ఆ కంతల్లోంచి వెనక సౌండ్ ముందుకి వచ్చి కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, ముందుగా పోయేది బేస్. కాబట్టి ముందు బయటి రేకు లోపలివైపు రేకు అదురు తగ్గించే బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ అంటించి రోలర్‌తో గట్టిగా రుద్దాం. ఇప్పుడు చూడండి, వేయని వెనక తలుపుని వేలితో తడితే టంగ్ మంటుంది, ఇది ధప్ అంటుంది. తర్వాత లోపలి రేకు కంతలు మూశాం. అద్దం మోటారు, లాకు రాడ్లు అడ్డం పడకుండా చూసుకోవాలి, నీళ్లు పోయే కింది రంధ్రాలు మాత్రం అస్సలు మూయకూడదు, మూస్తే తలుపు లోపల తుప్పే. ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ వాటర్ షీట్‌ని కూడా మళ్లీ సరిగ్గా అంటించమని పక్కనే నిలబడి చెప్పండి, చించేసి వదిలేసేవాళ్లని చూశాను.

నా లెక్కలో ఖర్చు సగం స్పీకర్లకి, సగం తలుపులకి. పదివేలు ఉంటే పదివేల స్పీకర్ కొని ఖాళీ తలుపులో బిగించేకంటే, ఐదువేల స్పీకర్ కొని తలుపు బాగుచేయించుకోవడం మంచిదని గట్టిగా చెప్తాను. వెనక స్పీకర్ల జోలికి వెళ్లలేదు. ముందు కూర్చున్నవాళ్లకి వాటితో పనే లేదు.

ఇప్పుడు వైరింగ్. మొదటి ఫిట్టింగ్‌లో షాపులో కుర్రాడు స్పీకర్‌కి వైరు తగిలించే కంపెనీ కప్లర్ కత్తిరించేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాడు. నేను అప్పుడు టీ తాగుతున్నాను, చూడలేదు. అది అక్కడితో ఆగలేదు, కుడి తలుపులో ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకర్ ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, అంటే బేస్ రెండు తలుపుల మధ్య గాల్లోనే చచ్చిపోతోంది. రెండు వారాలు అలాగే తిరిగాను. మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్టీరియోలో బ్యాలెన్స్ పూర్తిగా ఒకవైపుకి జరపండి, బేస్ వినండి, మధ్యకి తెండి. రెండూ మోగుతున్నప్పుడు బేస్ పెరగాలి. తగ్గిందంటే వైర్లు తిరగబడ్డట్టే. బిగించకముందే చూసుకోవాలంటే గోడ గడియారంలో వేసే బ్యాటరీ చాలు. ఇదిగో, ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఇలా ఒక్క క్షణం తాకించండి. టప్. కోన్ బయటికి వచ్చింది కదా, సరిగ్గా ఉన్నట్టు. లోపలికి పోతే తిరగబడ్డట్టు. ఎక్కువసేపు ఆనించి ఉంచొద్దు. ఇంకోటి, వైరు కత్తిరించనివ్వకండి. మీ కారు మోడల్‌కి సరిపోయే రెడీమేడ్ కప్లర్ అడగండి, ఖరీదు పెద్దగా ఉండదు, వారంటీలో ఉన్న బండికి రేపు ఏదైనా వైరింగ్ సమస్య వస్తే సర్వీస్ సెంటర్‌లో వాదన తప్పుతుంది.

కోయాక్సియలా, కాంపోనెంటా? ట్వీటర్ అంటే సన్నటి స్వరాల కోసం ఉండే చిన్న స్పీకర్. అది పెద్ద స్పీకర్ మధ్యలోనే ఉండేది కోయాక్సియల్, ట్వీటర్ విడిగా వచ్చేది కాంపోనెంట్. డోర్ స్పీకర్ మోకాలి దగ్గర ఉంటుంది, ట్వీటర్‌ని పైన డ్యాష్‌బోర్డు దగ్గర పెడితే గొంతు ఎదుట నుంచి వస్తున్నట్టు ఉంటుంది, బడ్జెట్ ఉంటే అదే మేలు. నేను కోయాక్సియల్ పెట్టాను, మా వేరియంట్‌లో ట్వీటర్లకి వైరింగ్ లేదు. మీ బండిలో కంపెనీ ట్వీటర్లు ముందే ఉంటే, కోయాక్సియల్ పెట్టాక ఒకసారి వాటిని తీసేసి వినండి, రెండు జతల ట్వీటర్లు కలిసి చెవిలో గుచ్చుతాయి.

ఇప్పుడెలా ఉందంటే, అదే హైవే, అదే వంద స్పీడు, స్టీరియోలో సౌండ్ మునుపటికంటే నాలుగు గీతలు కిందే ఉంది, పాట మాటలు తెలుస్తున్నాయి. మృదంగంలో ఎడమ చేతి గుమ్కీ పడ్డాక ఆ సాగే నాదం వినపడుతోంది, పాత స్పీకర్‌లో అక్కడ ఒక మొద్దు చప్పుడే ఉండేది. గుండెకి తగిలే బేస్ మాత్రం రాలేదు, ఆరున్నర అంగుళాల స్పీకర్ నుంచి అది ఆశించకూడదు కూడా, దానికి సబ్‌వూఫరే పెట్టుకోవాలి. ఈక్వలైజర్‌లో బేస్‌ని ప్లస్ ఒకటి దాటించట్లేదు. బేస్ పెంచి, సౌండూ పెంచితే ఆ పదిహేను వాట్లు అయిపోయి సౌండ్ పగులుతుంది, ఆ పగిలిన సౌండే ట్వీటర్లని కాల్చేస్తుంది.

ఒక హెచ్చరిక. మీ కారులో కంపెనీయే బోస్ లాంటి సిస్టమ్ ఇచ్చి ఉంటే ఇదంతా మీకు వర్తించదు. వాటిలో యాంప్ విడిగా ఉంటుంది, ఆ స్పీకర్లకి తగ్గట్టే ట్యూన్ చేసి ఉంటుంది, చాలాసార్లు ఓమ్‌లు కూడా వేరు. బయట స్పీకర్ తెచ్చి పెడితే ఉన్నది చెడే అవకాశమే ఎక్కువ. అలాంటి బండికి డ్యాంపింగ్ ఒక్కటే చేయించండి.

ఈ పాత స్పీకర్లని పారేయలేదు, కప్లర్లతో సహా అట్టపెట్టెలో పెట్టి అటక మీద పెట్టాను. బండి అమ్మేరోజు ఇవి తిరిగి తలుపుల్లోకి వెళ్తాయి, కొత్తవి నాతో తర్వాతి బండిలోకి వస్తాయి. మీ కారు పేరు, వేరియంట్, మీరు చూస్తున్న స్పీకర్ సెన్సిటివిటీ కామెంట్‌లో పెట్టండి, ఒక్కొక్కటీ చూసి జవాబిస్తాను.