వసుదేవుడా, వాసుదేవుడా?

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. ఇవాళ చెవికి దాదాపు ఒకేలా వినిపించే పేర్ల సంగతి మాట్లాడుకుందాం. వసుదేవుడు, వాసుదేవుడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే స్పెల్లింగు రాసేస్తాం, అక్కణ్ణుంచి తెలుగులోకి వచ్చేసరికి దీర్ఘం ఎవరికి దక్కుతుందో తెలీదు.

మాస్టారు: దీర్ఘం పోతే మనిషే మారిపోతాడమ్మా. వసుదేవుడు దేవకీదేవి భర్త. వాసుదేవుడు ఆయన కొడుకు, కృష్ణుడు. ‘ఓం నమో భగవతే వాసుదేవాయ’ అనే చోట దీర్ఘం మింగేస్తే దండం వాళ్ళ నాన్నగారికి చేరుతుంది.

వ్యాఖ్యాత: ఆయనకి పెట్టినా పుణ్యమే లెండి! అసలు ఆ దీర్ఘం ఎక్కణ్ణుంచి వచ్చింది?

మాస్టారు: సంస్కృత వ్యాకరణంలో దాన్ని వృద్ధి అంటారు. తల్లి పేరు నుంచో తండ్రి పేరు నుంచో బిడ్డకు పేరు తియ్యాలంటే రెండు పనులు చెయ్యాలి. చివర ప్రత్యయం చేర్చాలి, మొదటి అచ్చును పెంచాలి. పెంచడానికి లెక్కుంది. ‘అ’ ఉంటే ‘ఆ’ అవుతుంది. ఇ, ఈ, ఏ ఏది ఉన్నా ‘ఐ’. ఉ, ఊ, ఓ ఉంటే ‘ఔ’. ‘ఋ’ ఉంటే ‘ఆర్’. దశరథుడి కొడుకు దాశరథి, వినత కొడుకు వైనతేయుడు, సుమిత్ర కొడుకు సౌమిత్రి, ధృతరాష్ట్రుడి కొడుకులు ధార్తరాష్ట్రులు.

వ్యాఖ్యాత: చివర మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉందే?

మాస్టారు: ప్రత్యయాలు వేరు. దాశరథి, సౌమిత్రిలలో ‘ఇ’. వాసుదేవుడు, పార్థుడులలో ‘అ’. తల్లి పేరు మీద వచ్చేవాటిలో ‘ఏయ’ ఎక్కువ: కౌంతేయుడు, గాంగేయుడు, ఆంజనేయుడు. ఈ ఆంజనేయుడి దగ్గరే అందరూ జారిపడతారు. తల్లి అంజన, అక్కడ ‘అ’ పొట్టిది. కొడుకు దగ్గరికొచ్చేసరికి ‘ఆ’ కావాలి. ‘అంజనేయులు’ అని రాసిన దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీలు కొల్లలు. పేరు గలాయన తనే అలా రాసుకుంటే దిద్దే హక్కు మనకు లేదనుకోండి, స్వామి పేరు మాత్రం సరిగ్గా రాయాలి.

వ్యాఖ్యాత: కర్ణుణ్ణి రాధేయుడంటారు కదా. అక్కడ మార్పేమీ కనపడదేం?

మాస్టారు: రాధలో ముందే దీర్ఘం ఉంది, ఇంక పెరగడానికి చోటెక్కడిది? ఈ రాధ కర్ణుణ్ణి పెంచిన తల్లి, అధిరథుడి భార్య. బృందావనం రాధతో సంబంధం లేదు.

వ్యాఖ్యాత: పార్థుడు అన్నారు. కౌంతేయుడన్నా అర్జునుడే కదా?

మాస్టారు: కుంతి అసలు పేరు పృథ. కుంతిభోజుడు పెంచుకున్నాడు కాబట్టి కుంతి అయింది. పృథలో ‘ఋ’ ఉంది, అది ‘ఆర్’ అయి పార్థుడు వచ్చాడు. ఇక్కడ ఇంకో చిక్కు. మనం మాటల్లో ‘థ’ని ‘ధ’లాగా పలుకుతాం. కథని ‘కధ’ అంటాం, రథాన్ని ‘రధం’ అంటాం. ఆ నోటి అలవాటే చేతికొచ్చి పార్ధుడు, దాశరధి, మైధిలి అని రాసేస్తాం. అనుమానం వస్తే మూలం పేరుకి వెళ్ళండి. దశరథుడిలో ఉన్నది రథం, మైథిలి పుట్టిల్లు మిథిల. రెండిట్లోనూ పొట్టలో చుక్కున్న ‘థ’నే రాయాలి.

వ్యాఖ్యాత: అంటే సీత పేర్లన్నీ ఇలా వచ్చినవేనా?

మాస్టారు: చాలావరకు. జనకుడి కూతురు జానకి, విదేహ దేశపు పిల్ల వైదేహి, మిథిల నుంచి మైథిలి. దేశాల మీద వచ్చిన ఆడవాళ్ళ పేర్లు బోలెడు. కోసల నుంచి కౌసల్య, కేకయ నుంచి కైకేయి, మద్ర నుంచి మాద్రి.

వ్యాఖ్యాత: భరత, భారత మాటేమిటి? భరతనాట్యం అనాలా, భారతనాట్యమా?

మాస్టారు: భరతనాట్యమే. దాన్ని నాట్యశాస్త్రం చెప్పిన భరతమునితో ముడిపెడతారు, దేశంతో కాదు. దుష్యంతుడి కొడుకు భరతుడు వేరు, రాముడి తమ్ముడు వేరు. దుష్యంతుడి కొడుకు వంశంలో పుట్టినవాళ్ళు భారతులు. గీతలో కృష్ణుడు ‘భారతా’ అని పిలిచేది అర్జునుణ్ణి. మరి ‘భరతఖండం’ తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. అక్కడ భరతుడి పేరుకి ఖండాన్ని నేరుగా అతికించాం, కొత్త పేరు పుట్టించలేదు. సమాసానికి వృద్ధి అక్కర్లేదు.

వ్యాఖ్యాత: కురు నుంచి కౌరవులు. అలాగైతే పాండవులు కూడా కౌరవులే అవ్వాలే!

మాస్టారు: అవుతారు. భీష్ముడూ కౌరవుడే. వాడుకలో ఆ పేరు నూరుగురికే స్థిరపడింది, అంతే.

వ్యాఖ్యాత: పురాణాలు పక్కన పెడితే, రోజూ రాసే తెలుగులో ఇది ఎక్కడ తగులుతుంది?

మాస్టారు: అడుగడుగునా. శివుడు, శైవం, బుద్ధుడు, బౌద్ధం, నీతి, నైతికం, భూగోళం, భౌగోళికం. ‘సమాజిక’ అని రాస్తే తప్పు, సామాజిక. దిద్దేవాళ్ళని ఎక్కువ విసిగించేది ‘ప్రాధాన్యత’. ‘ప్రధానం’లోని అచ్చును పెంచి ‘ప్రాధాన్యం’ చేశాక భావం వచ్చేసింది. దాని మీద మళ్ళీ ‘త’ దేనికి? కావాలంటే ప్రధానత అనండి, లేదా ప్రాధాన్యం అనండి. నైపుణ్యతా అంతే: నిపుణత గానీ, నైపుణ్యం గానీ.

వ్యాఖ్యాత: మరి ఐక్యత? ఏకం నుంచి ఐక్యం వచ్చాక అక్కడా ‘త’ ఎక్కువే కదా?

మాస్టారు: ఎక్కువే. కానీ జెండాలకీ సంఘాలకీ ఎక్కేసింది, నేను దాని జోలికి పోను. ప్రాధాన్యతని మాత్రం కనపడిన ప్రతిసారీ కొట్టేస్తాను.