వీసీడీ నుంచి స్టిల్ ఫైలుకు: ఈ కన్వర్టర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

నమస్కారం. తెరపై కనిపిస్తున్న ఈ కన్వర్టర్‌ను పూర్తి లైసెన్సుతో ఉచితంగా వాడి చూడమని తయారీదారులే ఇచ్చారు. నేను ఏం చెప్పాలన్న విషయంలో వారు ఎటువంటి షరతూ పెట్టలేదు. ఇది చదివే ఫార్మాట్ల జాబితా జోలికి వెళ్లను.

చిప్ డిజైన్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేషన్ నుంచి వచ్చే వీసీడీ ఫైలులో ఏ సిగ్నల్ ఏ క్షణంలో మారిందన్న సమాచారం తప్ప సైకిల్ (పరీక్షలో ఒక్కో అడుగుకు కేటాయించే కాలం) అన్న ఊసే ఉండదు. తయారైన చిప్‌ను పరీక్షించే యంత్రానికి, అంటే టెస్టర్‌కు, ఇచ్చే ఫార్మాట్ స్టిల్. 1999లో ఐఈఈఈ 1450 ప్రమాణంగా వెలువడిన ఇందులో మాత్రం పీరియడ్ (సైకిల్ నిడివి) ఎంత, ఇన్‌పుట్ ఎప్పుడు మారాలి, అవుట్‌పుట్‌ను ఎప్పుడు స్ట్రోబ్ చేయాలి (చదివి సరిచూడాలి) అన్నవన్నీ ముందే తేల్చి చెప్పాలి. ఈ పనిని ఈ కన్వర్టర్ చక్కగా చేస్తుంది. 100 నానోసెకండ్ల పీరియడ్ ఇచ్చి, ఫాస్ట్ కార్నర్‌లోనూ (చిప్ అత్యంత వేగంగా నడిచే పరిస్థితి) స్లో కార్నర్‌లోనూ (అత్యంత నెమ్మదిగా నడిచే పరిస్థితి) తీసిన రెండు వీసీడీలను చదివిస్తే, రెండింటిలోనూ అవుట్‌పుట్ నిలకడగా ఉండే వ్యవధిని రంగు వేసి చూపిస్తుంది. గతంలో పెర్ల్ స్క్రిప్టుతో ఇదే పని చేసిన నాకు, స్ట్రోబ్‌ను మౌస్‌తో జరుపుకోవడం నిజంగానే ముచ్చటేసింది.

అయితే, రెండు దిశలలోనూ పనిచేసే పిన్నుల దగ్గరికి వచ్చేసరికి ఆ ముచ్చట కాస్తా ఆవిరైపోయింది. డేటా బస్‌లోని (డేటా అటూ ఇటూ ప్రయాణించే పిన్నుల వరుస) ఒక పిన్నును చూడండి. రీడ్ సైకిల్‌లో, అంటే చిప్ నుంచి డేటా చదివే సైకిల్‌లో, దాని విలువ ఒకటి అని వీసీడీ చెబుతోంది. ఆ ఒకటిని చిప్ పంపిందా, టెస్ట్‌బెంచ్ (సిమ్యులేషన్‌లో చిప్‌కు ఇన్‌పుట్లు ఇచ్చే కోడ్) పంపిందా అన్నది మాత్రం అందులో లేదు. అది తెలియాలంటే చిప్ ఆ పిన్నుపై విలువ పంపుతోందో లేదో చెప్పే అవుట్‌పుట్ ఎనేబుల్ సిగ్నల్‌ను కూడా డంప్ చేసి (వీసీడీలో రికార్డు చేసి), ఏ పిన్నుకు ఏ ఎనేబుల్ వర్తిస్తుందో కన్వర్టర్‌కు చెప్పాలి. నేను కావాలనే ఒక పిన్నుకు ఆ వివరం ఇవ్వలేదు. ఇది నోరు మెదపకుండా ఆ పిన్నును అన్ని సైకిళ్లలోనూ ఇన్‌పుట్‌గా లెక్కగట్టింది. లాగ్ చివర ఎర్రర్లు సున్నా, వార్నింగులు సున్నా.

ఇందులోని ప్రమాదం చూడండి. ఇన్‌పుట్‌ను పొరపాటున అవుట్‌పుట్‌గా రాస్తే టెస్టర్ ఆ పిన్నును డ్రైవ్ చేయదు (దానికి విలువ పంపదు), చిప్‌కు సరైన డేటా అందదు, చాలావరకు మొదటి రోజే మంచి చిప్ కూడా ఫెయిలై తప్పు బయటపడుతుంది. అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌గా రాసినప్పుడు కథ వేరు. మంచి చిప్ ఇచ్చే విలువా టెస్టర్ ఇచ్చే విలువా ఒకటే కాబట్టి వాటి మధ్య ఘర్షణ ఉండదు. చెడిపోయిన చిప్ వేరే విలువ ఇచ్చినా, ఆ పిన్నును ఎవరూ పోల్చి చూడరు కాబట్టి అదీ పాసైపోతుంది. దొంగను ఇంట్లోనే ఉంచి తలుపుకు తాళం వేసినట్టుంది ఈ వ్యవహారం. నేను ఇదివరకు వాడిన ఒక కన్వర్టర్ దిశ తెలియకపోతే అక్కడికక్కడే ఆగిపోయేది. అప్పట్లో విసుక్కునేవాణ్ని గానీ, దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది. కనీసం అనుమానం ఉన్న చోట ఎక్స్ పెట్టి మాస్క్ చేసినా (పోల్చకుండా వదిలేసినా), కవరేజీ (పరీక్ష పట్టుకోగల లోపాల శాతం) తగ్గిన సంగతి లెక్కల్లో కనిపించేది.

2001 నాటి ఐఈఈఈ 1364లో చేరిన ఎక్స్‌టెండెడ్ వీసీడీని ఇస్తే ఈ చిక్కు రాదు. అందులో టెస్ట్‌బెంచ్ డ్రైవ్ చేసిన విలువలకు డి, యు అక్షరాలు, చిప్ డ్రైవ్ చేసిన వాటికి ఎల్, హెచ్ అక్షరాలు ఉంటాయి. ఈ కన్వర్టర్ వాటిని సరిగ్గానే చదివింది. కాబట్టి మీ సిమ్యులేషన్లన్నీ ఆ ఫార్మాట్‌లోనే వస్తుంటే నిశ్చింతగా తీసుకోండి. మామూలు వీసీడీతో, రెండు దిశల పిన్నులతో పనిచేసేవారికి మాత్రం, స్ట్రోబ్ విండో ఎంత అందంగా ఉన్నా, ఈ వెర్షన్‌ను నేను సిఫారసు చేయను.

ఇప్పటికే వాడుతున్నవారు ఒక పని చేయండి. స్టిల్ ఫైలులో ఏదైనా రీడ్ సైకిల్ తెరిచి డేటా బస్ వరుసను చూడండి. సాధారణంగా వాడే అక్షరాలైతే అక్కడ హెచ్, ఎల్ కనిపించాలి. వాటికి బదులు ఒకట్లు, సున్నాలు ఉంటే, అంటే పిన్నును ఇన్‌పుట్‌గా రాసి ఉంటే, ఆ ఫైలును టెస్టర్‌కు పంపకండి.