లండన్ చిలకల్ని హెండ్రిక్స్ వదల్లేదు!

మళ్ళీ అదే కథ! 1960ల్లో అమెరికన్ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ లండన్‌లోని కార్నబీ స్ట్రీట్‌లో చిలకల జంటను వదిలేశాడట, లండన్ తోటలన్నీ వాటితో నిండిపోయాయట. పచ్చి అబద్ధమండీ! ఇంగ్లండ్‌లో స్వేచ్ఛగా తిరిగే రామచిలుక 1855లోనే నార్ఫోక్‌లో కనిపించింది. హెండ్రిక్స్ పుట్టిందే 1942లో! వరుస హత్యల్లో నేరస్తుడి ఇల్లు ఎక్కడుందో పోలీసులు మ్యాప్ మీద లెక్కగట్టే పద్ధతి ఉంది కదా, 2019లో లండన్ పరిశోధకులు దాన్నే చిలకలకు వాడారు. కార్నబీ స్ట్రీట్ జాడే లేదు.

మరి ఎవరు చేశారు? చిలకల్ని పంజరాల్లో పెట్టి అమ్మే వ్యాపారం! ఐరోపా చిలకల డీఎన్ఏ చూస్తే ఎక్కువ భాగం పాకిస్తాన్, ఉత్తర భారతం వైపే చూపిస్తోంది. అంటే మన రామచిలుకే! పంజరం తలుపు పైకి జరిగే రకమైతే, అది అడుగు కమ్మీని ముక్కుతో పట్టి ఎత్తేసి దూరిపోతుంది. పైన ఒక చిన్న కొక్కెం లేకపోవడమే తప్పు. ఇలా తప్పించుకున్నవీ, జనం వదిలేసినవీ కలిసి, 1969కల్లా ఇంగ్లండ్‌లోని కెంట్‌లో గూళ్ళు పెట్టాయి.

ఇక నా మాట వినండి. వాటిని నిలబెట్టింది పిట్టల కోసం తోటల్లో వేలాడదీసే గింజల గొట్టాలే! హిమాలయాల దిగువన బతికే జాతి, చలికి కొంత ఓర్చుకుంటుంది. కానీ జనవరిలో తిండి? వేరుశెనగలు మనుషులే పెడుతున్నారు. చిలక వాలితే చిన్న పిట్టలు తినడం తగ్గిస్తాయి, ఇది లండన్ తోటల్లోనే పరీక్షించి చూసిన సంగతి. పైగా ఇది తొర్రల్లో గూడు పెడుతుంది, అదీ వసంతం పూర్తిగా రాకముందే. తర్వాత వచ్చే నట్‌హాచ్ పిట్టకు తొర్ర ఎక్కడిది? స్పెయిన్‌లోని సెవిల్లెలో అయితే తొర్రల కోసం పెద్ద గబ్బిలాలనే పొడిచి చంపాయి!

లండన్‌లో ఉన్న మనవాళ్ళూ, ఇలా చేయండి. గొట్టం చుట్టూ కమ్మీల బోను ఉన్న ఫీడరే కొనండి. సందుల్లోంచి టిట్ పిట్ట దూరాలి, చిలక ఒళ్ళు పట్టకూడదు. లోపలి గొట్టానికీ కమ్మీలకూ మధ్య అరచేయంత ఖాళీ ఉండాలి. లేకపోతే తల మాత్రం లోపలికి పెట్టి మొత్తం ఖాళీ చేస్తుంది. కింద పళ్ళెం తగిలించకండి, రాలిన గింజలు రోజూ ఊడ్చేయండి.

ఇక్కడ, మన ఊళ్ళలో? రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అలాగని రెక్కలు కత్తిరించిన చిలకను జాలిపడి గోడమీద వదిలేస్తే, పిల్లి నోట్లో పెట్టినట్టే! కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి మొలిచేదాకా అది ఎగరలేదు. అటవీశాఖకు అప్పగించండి.