కాన్సాస్ పల్లెల్లో మా ఫిన్నీ కౌంటీ: ఇక్కడ ఎవరెవరుంటారు?

అందరికీ నమస్కారమండీ. అమెరికా పల్లెటూరు అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు ఒకటే బొమ్మ కదులుతుంది: కనుచూపు మేర పొలం, పెద్ద ట్రాక్టరు, టోపీ పెట్టుకున్న తెల్ల రైతు. మేముంటున్న ఫిన్నీ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదే లెండి, పొలాలూ ఉన్నాయి, ట్రాక్టర్లూ ఉన్నాయి. కానీ 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడున్న 38,470 మందిలో దాదాపు సగం లాటినోలే, అంటే మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళే. కాన్సాస్‌లో పెద్ద నగరమైన విచిటా నుంచి పడమరగా కారులో మూడు గంటలకు పైనే ప్రయాణం. కౌంటీ కేంద్రం గార్డెన్ సిటీ.

మా ఆయన డాక్టరు. శిక్షణ కోసమిచ్చే జే-1 వీసా మీద ఇక్కడ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, చేసినవాళ్ళు తర్వాత రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళాలి. డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్ళు పనిచేస్తామంటే ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. మన తెలుగు డాక్టర్లు చాలామంది ఇలాంటి చిన్న ఊళ్ళకు ఆ దారిలోనే వస్తారు. మేమూ అలాగే వచ్చాం.

కారు అద్దం దించితే వచ్చే ఈ వాసన ఫీడ్‌లాట్లది, అంటే పశువులను గుంపుగా ఉంచి మేపి బలిపించే దొడ్లది. ఇక్కడివాళ్ళు దీన్ని డబ్బు వాసన అంటారు. పక్కనే హోల్‌కమ్ దగ్గర 1980 చివర్లో ఐబీపీ కంపెనీ బీఫ్ ప్లాంటు తెరిచింది. ఇప్పుడది టైసన్ వాళ్ళది. రోజుకు 6,000 దాకా పశువులను కోసేంత పెద్దది. మనలో చాలామందికి ఈ మాట వినడమే కష్టం, నాకు తెలుసు. కానీ అది వదిలేస్తే ఈ కౌంటీ గురించి చెప్పడానికి సగం కూడా మిగలదు. 1980లో 23,825గా ఉన్న జనాభా 1990కి 33,070 అయింది.

చలి గదిలో కత్తి పట్టుకుని షిఫ్టంతా నిలబడి, ఒకే కోత మళ్ళీ మళ్ళీ కోసే పని అది. అంతమంది ఇక్కడ దొరకలేదు. వియత్నాం శరణార్థులు వచ్చారు, మెక్సికో వాళ్ళు వచ్చారు, తర్వాత సోమాలీలు, బర్మా వాళ్ళు. నిజానికి మెక్సికన్ కుటుంబాలు కొన్ని అంతకు చాలా ముందే, రైల్వే పనులకూ, 1906లో కట్టిన చక్కెర ఫ్యాక్టరీకి దుంపలు పండించే పొలాలకూ వచ్చి స్థిరపడ్డాయి.

ఇదిగో, మా వీధిలో బర్మా ఆవిడ పెరట్లో ఈ మొక్క చూడండి. గోంగూరే! మొదటిసారి చూసినప్పుడు ఆకు తుంచి నోట్లో వేసుకునేదాకా నేను నమ్మలేదు. ఆవిడ దాన్ని వెదురు చిగుళ్ళు, రొయ్యలు వేసి వేయిస్తుంది. మెక్సికన్ కొట్టుకు వెళితే ఎర్ర గోంగూర కాయల ఎండు రేకులు సంచుల్లో ఉంటాయి, హమైకా అని. నీళ్ళలో మరిగించి, పంచదార వేసి, చల్లగా తాగుతారు. నేను పచ్చడి చేసి ఆవిడకిస్తే కారం ఇంకొంచెం ఉండాల్సిందంది.

అంతా ఇలా సాఫీగానే సాగిందని అనుకోకండి. 2016లో సోమాలీ కుటుంబాలుండే ఒక అపార్ట్‌మెంట్ సముదాయాన్ని, అందులోని మసీదుతో సహా, బాంబులతో పేల్చాలని ముగ్గురు పథకం వేశారు. ఎఫ్‌బీఐ ముందే పట్టుకుంది. 2019 జనవరిలో వాళ్ళకు 25 నుంచి 30 ఏళ్ళ దాకా శిక్షలు పడ్డాయి. ఊళ్ళో పిల్లల్ని పెంచుకుంటున్న తల్లిగా నాకు ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఇక్కడి పెద్దవాళ్ళను కదిలిస్తే ఇంకో భయం చెబుతారు. 2000 క్రిస్మస్ రోజున గార్డెన్ సిటీలోని కాన్‌ఆగ్రా బీఫ్ ప్లాంటు తగలబడింది. అది మళ్ళీ తెరుచుకోలేదు. రెండు వేలకు పైగా ఉద్యోగాలు పోయాయి, కుటుంబాలు ఊరొదిలి వెళ్ళాయి. 2000లో 40,523 ఉన్న జనాభా 2010కి 36,776కి దిగింది. అందుకే 2019 ఆగస్టులో టైసన్ ప్లాంటులో మంటలు లేచినప్పుడు ఊరంతా ఒకటే టెన్షన్. ఈసారి కంపెనీ జీతాలు ఆపలేదు, డిసెంబరులో పని మళ్ళీ మొదలైంది. పనివాళ్ళు వెళ్ళిపోతే బడిలో పిల్లలుండరు, కొట్లో బేరముండదు, మా ఆయనకు చూడ్డానికి పేషెంట్లుండరు. కాన్సాస్‌కు బయటివాళ్ళు భారమనేవాళ్ళకు నేను పక్కనున్న లేన్ కౌంటీని చూపిస్తాను. బయటివాళ్ళు పెద్దగా రాని ఆ కౌంటీ మొత్తం జనాభా 2020లో 1,574.

అసలు టెన్షన్ మాత్రం నీళ్ళతోనే. మాది అనంతపురం. ఇక్కడ ఆర్కాన్సాస్ నది మీద వంతెన దాటుతూ కిందకు చూస్తే మా పెన్నలాగే ఉత్త ఇసుకే. ఎగువన కొలరాడో వాడుకుంటుంది, కింద బోర్లు తోడేస్తాయి. పశువుల మేతకు మొక్కజొన్న పండేది ఓగల్లాలా భూగర్భ జలంతోనే, అది ఏటేటా దిగిపోతోంది. వచ్చే వీడియోలో ఒక రైతు తన బోరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నీటిమట్టం ఎలా కొలుస్తారో అక్కడే చూద్దాం. ఉంటానండీ.