కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతమేనా?

కమ్యూనికేషన్ స్కిల్స్ ట్రైనింగ్‌లో తరచూ ఒక స్లైడ్ కనిపిస్తుంది. మాటలు 7 శాతం, గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55. అంటే ఏం చెప్పామన్నది దాదాపు లెక్కలోకే రాదు, ఎలా చెప్పామన్నదే అంతా అని. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్లు అద్దం ముందు నిలబడి చేతులు ఎలా కదపాలో ప్రాక్టీస్ చేస్తారు గానీ, రేపు పంపాల్సిన మెయిల్‌లో మొదటి వాక్యం ఏం రాయాలో ఆలోచించరు.

ఆ అంకెలు ఎక్కడివి? 1967లో ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే సైకాలజిస్టు, తోటి పరిశోధకులతో కలిసి ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. వాటిలో మీటింగులు లేవు, ప్రెజెంటేషన్లు లేవు, అసలు వాక్యాలే లేవు. ఉన్నవి విడి మాటలు. ఒక ప్రయోగంలో "మేబీ" అన్న ఒక్క మాటనే రకరకాల గొంతుల్లో వినిపించి, రకరకాల ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా అని అడిగారు. ఆ 55 శాతం ముఖానిది, చేతులకీ నిలబడే తీరుకీ దాంతో సంబంధం లేదు. ఇది ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడే వర్తిస్తుందని మెహ్రేబియన్ స్వయంగా చెప్పారు. ఆ ముక్క మాత్రం స్లైడ్ మీదికి రాదు.

సరే, ఆఫీసులో మాటల బరువెంతో చూద్దాం. నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ కూడా ఒక స్లైడే.

[స్క్రీన్ మీద: కొలంబియా, జనవరి 2003]

2003 జనవరి 16న నాసా వ్యోమనౌక కొలంబియా షటిల్ పైకి లేచిన 82 సెకన్లకి, దాని ఇంధన ట్యాంకు మీది నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకి తగిలింది. లోపల కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు ఉన్నారు. వాళ్లింకా అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు లెక్కలు కట్టి నాసా వాళ్లకి స్లైడ్లు చూపించారు. అందులో ఒకదాని టైటిల్ చదివితే, మన లెక్కలు జాగ్రత్త కోసం ప్రమాదాన్ని కాస్త ఎక్కువగానే చూపిస్తాయి, కంగారు అక్కర్లేదు అనిపిస్తుంది. అదే స్లైడ్‌లో అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది: టెస్టులో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు అంచనా వేస్తున్నది 1,920.

640 రెట్లు! అంటే ఆ టెస్టులు ఈ పరిస్థితికి దాదాపు ఏమీ చెప్పవు. అంత ముఖ్యమైన విషయం అట్టడుగున పడుంది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ముక్కలైపోయింది. కారణం ఆ స్లైడ్ ఒక్కటే అని నేను అనను, నాసా పని తీరులోనే లోపాలున్నాయని విచారణ బోర్డు వివరంగా రాసింది. కానీ ఆ స్లైడ్ చదివిన పెద్ద అధికారికి ఇది ప్రాణాల మీదికి వచ్చిన సంగతి అని తోచకపోవచ్చని కూడా అదే బోర్డు రాసింది.

ఇప్పుడు ఆ స్లైడ్‌ని తలకిందులు చేద్దాం. మొదటి వాక్యం: "తగిలిన ముక్క మనం టెస్టు చేసినదానికన్నా 640 రెట్లు పెద్దది." రెండోది: "కాబట్టి రెక్క బాగానే ఉందని ఈ లెక్కలతో చెప్పలేం." మూడోది: "వెంటనే రెక్క ఫొటోలు తీయించాలి." మూడు వాక్యాలు, అంతే. వీటిని తల దించుకుని, వణికే గొంతుతో చదివినా గదిలో అందరూ నిటారుగా కూర్చుంటారు.

అమెరికా సైన్యం తన రాతల్లో ఈ పద్ధతినే నియమంగా పెట్టుకుంది, అసలు సంగతి మొదటే రావాలని. మన మెయిల్‌కీ ఇదే వర్తిస్తుంది. నేపథ్యం, పడ్డ కష్టం, ఎవరెవరితో మాట్లాడామో అన్నీ చెప్పి చివర్లో "కాబట్టి కొంచెం ఆలస్యం కావచ్చు" అని రాస్తే, అది కూడా 1,920ని అడుగున పెట్టడమే. "రిలీజ్ శుక్రవారం కుదరదు, మంగళవారం ఇస్తాం, దీనికి ఈ సాయంత్రంలోగా మీ ఓకే కావాలి" అని మొదలుపెట్టండి, కారణాలు తర్వాత.

చెడ్డ వార్త అడుగుకి ఎందుకు జారుతుంది? భయం వల్ల. పైవాళ్లు కోప్పడతారని. అందుకే నా దృష్టిలో ఇది రాసేవాళ్ల స్కిల్ ఎంతో, చదివేవాళ్ల స్కిల్ కూడా అంతే. మీరు మేనేజర్ అయితే "అంతా ఓకేనా?" అని అడక్కండి, ఆ ప్రశ్నకి ఓకే అనే వస్తుంది. "ఇందులో మీకు టెన్షన్ పెడుతున్నదేంటి?" అని అడగండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. "చాలా", "గణనీయంగా" లాంటి మాటలు కనిపిస్తే అక్కడ అంకె పెట్టండి. టైటిల్‌లో "స్టేటస్ అప్‌డేట్" అని కాకుండా ఆ స్టేటస్ ఏంటో రాయండి. గొంతు, ముఖం అక్కర్లేదా అంటే కావాలి, ముఖ్యంగా ఎవరి పనిలోనైనా తప్పు చెప్పాల్సి వచ్చినప్పుడు. అలాంటివి చాట్‌లో రాయకండి, కాల్ చేయండి. మీటింగ్ అయ్యేముందు ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేస్తారో ఒకరు పైకి చదవాలి, తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

మీరు పంపబోయే మెయిల్ ఏదైనా ఉంటే, పేర్లు తీసేసి కామెంట్‌లో పెట్టండి, మొదటి వాక్యం ఏది కావాలో కలిసి చూద్దాం.