పక్క వీధికి దారి ఉందా?

అందరికీ నమస్కారం.

నగరం పెరుగుతోందంటే శివార్లు ఎక్కడిదాకా వెళ్లాయి, హద్దు ఎంత జరిగింది అనే లెక్కలే వేస్తాం. నేను ఇవాళ ఇంకో దూరం గురించి మాట్లాడదామని వచ్చాను. ఆనుకుని ఉన్న రెండు చోట్ల మధ్య మనమే కల్పించుకుంటున్న దూరం అది.

కొత్త లేఅవుట్‌లో ఏదో ఒక వీధి చివరిదాకా నడిచి చూడండి. గోడ ఉంటుంది. గోడ అవతల బడి ఉందనుకోండి. పిల్లల అరుపులు ఇంట్లోకి వినిపిస్తుంటాయి, కొలిస్తే వంద మీటర్లే. కానీ బడికి వెళ్లాలంటే వెనక్కి తిరిగి గేటు దాకా రావాలి, మెయిన్ రోడ్డెక్కాలి, ట్రాఫిక్‌లో పడి పక్క కాలనీ గేటులోంచి మళ్లీ లోపలికి పోవాలి. రెండు కిలోమీటర్లు అవుతుంది. పిల్లాడు రెండు నిమిషాల్లో నడిచి వెళ్లాల్సిన చోటికి రోజూ ఎవరో ఒకరు బండి తీయాలి. కొన్నాళ్లకు ఆ గోడలో నాలుగు ఇటుకలు ఊడతాయి, మనిషి దూరేంత సందు పడుతుంది. పూడుస్తారు. మళ్లీ ఊడుతుంది. అది చేసినవాళ్లను నేను తప్పుపట్టను. అక్కడ దారి కావాలని ప్లాన్ గీసినవాళ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు.

దీన్ని కొలవడం తేలిక. నడవాల్సిన దూరాన్ని తిన్నగా గీత గీస్తే వచ్చే దూరంతో భాగించాలి. వీధులు దగ్గర దగ్గరగా, గళ్లుగళ్లుగా కలిసి ఉంటే ఎటు నడిచినా ఈ సంఖ్య సుమారు 1.4 దాటదు. మనం చెప్పుకున్న బడి దగ్గర అది 20.

ఇంకో కొలత కూడళ్ల లెక్క. వంద మీటర్లకో వీధి చొప్పున నిలువుగా, అడ్డంగా వేస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 100 కూడళ్లు, 20 కిలోమీటర్ల వీధులు వస్తాయి. అదే రెండు వందల మీటర్లకో వీధి వేస్తే కూడళ్లు 25కి పడిపోతాయి. చదరపు కిలోమీటరుకు కనీసం 18 కిలోమీటర్ల వీధులు ఉండాలని, భూమిలో 30 శాతం వీధులకే వదలాలని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం సూచించింది. 30 శాతమంటే స్థలం అమ్ముకునేవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. కానీ 20 కిలోమీటర్ల వీధులు సగటున 15 మీటర్ల వెడల్పుతో వేస్తే దాదాపు అంతే అవుతుంది.

వీధులు కలవని చోట ప్రతి చిన్న పనికీ మెయిన్ రోడ్డే దిక్కు. మందుల షాపుకు వెళ్లేవాళ్లూ, ముప్పై కిలోమీటర్లు పోయే లారీ డ్రైవరూ ఒకే రోడ్డు మీద, ఒకే సిగ్నల్ దగ్గర ఆగుతారు. జామ్ అవుతుంది. వెడల్పు చేస్తాం, ఫ్లైఓవర్ కడతాం. వెడల్పయ్యే కొద్దీ దాన్ని నడిచి దాటడం ఇంకా టెన్షన్. బస్సు లోపలికి వచ్చి అటునుంచి బయటపడే దారి లేదు కాబట్టి స్టాపు గేటు బయటే ఉండిపోతుంది. అంత దూరం నడవలేనివాళ్లు బండి కొంటారు.

భూమి కింద సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. నీళ్ల పైపులు వీధుల కిందే వెళ్తాయి. వీధి ఆగిపోతే సాధారణంగా పైపూ అక్కడే ఆగిపోతుంది. చివరి ఇళ్ల దగ్గర నీళ్లు కదలక నిలవుండిపోతాయి, క్రిముల్ని చంపే క్లోరిన్ తగ్గిపోతుంది. పైపు పగిలితే రెండో వైపు నుంచి నీళ్లివ్వడానికి దారి ఉండదు. అంబులెన్సుకూ అంతే. ఉన్న ఒక్క దారిలో చెట్టు పడితే లోపలికి రాలేదు.

మరి ఇలాంటి వీధులు ఎందుకొచ్చాయి? ఆలోచన మంచిదే. 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో క్లారెన్స్ స్టీన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు ప్లానర్లు రాడ్‌బర్న్ అనే నివాస ప్రాంతాన్ని రూపొందించారు. కార్ల బెడద లేకుండా పిల్లలు ఆడుకోవాలని వీధుల్ని చివర మూసేశారు. అయితే పార్కుల గుండా కాలిబాటలు వేసి అన్నిటినీ కలిపారు, రోడ్డు కింద నుంచి నడిచే దారీ పెట్టారు. తర్వాత వచ్చిన ఎన్నో లేఅవుట్లు మూసిన వీధిని తీసుకుని కాలిబాటను వదిలేశాయి. 1930లలో ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా మూసిన వీధులనే సిఫారసు చేసింది. బారింగ్టన్ లీ, మిల్లర్డ్ బాల్ అనే పరిశోధకులు అమెరికా వీధుల చరిత్రను లెక్కగట్టి, వీధులు ఇలా ఒకదానితో ఒకటి కలవకపోవడం 1994 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత వేసిన వీధుల్లో తగ్గుతూ వచ్చిందని 2015లో తేల్చారు. పద్ధతి మార్చుకోవచ్చని దాన్నిబట్టి తెలుస్తోంది. కాకపోతే అంతకుముందు వేసినవన్నీ అలాగే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు కలిగించేది ఇదే. న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ వీధులు చాలావరకు 1811 నాటి ప్లాన్‌లో గీసినవి. స్పెయిన్‌లోని బార్సిలోనా విస్తరణకు సెర్దా అనే ఇంజినీరు గీసిన ప్లాన్ 1859 నాటిది. ఆ వీధుల పక్కన ఇళ్లు ఎన్నోసార్లు కూలాయి, లేచాయి. వీధులు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఒక్కసారి ప్లాట్లు అమ్ముడైపోయాక మధ్యలోంచి దారి తీయాలంటే ఎవరిదో ఇల్లు పోవాలి.

దారి తెరిస్తే బయటి బండ్లన్నీ మా వీధిలోంచే పోతాయని కాలనీవాళ్లు భయపడతారు. ఒక్క వీధినే తెరిస్తే ఆ భయం నిజమే అవుతుంది. పది వీధులు కలిస్తే బరువంతా ఒకదాని మీదే పడదు. అప్పటికీ ఒప్పుకోకపోతే నెదర్లాండ్స్‌లోని హౌటెన్ పట్టణం ఉంది. అక్కడ కారులో ఒక పేట నుంచి ఇంకో పేటకు వెళ్లాలంటే బయటి రింగు రోడ్డుకు వెళ్లి రావాలి. సైకిలు మీదా, కాలినడకనా అయితే తిన్నగా వెళ్లిపోవచ్చు. గోడ స్థానంలో కార్లు దూరకుండా నాలుగు స్తంభాలు పాతితే మన బడి పిల్లాడికి చాలు.

లేఅవుట్‌కు అనుమతిచ్చేటప్పుడు రోడ్ల వెడల్పు చూస్తాం, పార్కు స్థలం చూస్తాం. నాలుగు అంచుల్లో ఎన్నిచోట్ల పక్క భూమికి దారి వదిలారో కూడా చూడండి. పక్కన ఇప్పుడు పొలమే ఉన్నా సరే, వీధిని హద్దు దాకా తెచ్చి వదలమనండి. ఎవరి స్థలం వాళ్లు చూసుకునే యజమాని తనంతట తాను ఆ పని చేయడు, చేయమని నిబంధన ఉండాలి. ఆ హద్దు దగ్గర మొదటి రోజే ఒక బోర్డు పెట్టించండి: 'ఈ వీధి ముందుకు సాగుతుంది'. చివరి ఇల్లు కొనేవాళ్లకు ఆ సంగతి కొనకముందే తెలియాలి.